ఘోస్ట్ ఆఫ్ సుషిమా, ఘోస్ట్ ఆఫ్ యోతెయి: ఆడినవాళ్లు ఏమంటున్నారు? తరచుగా అడిగే ప్రశ్నలు

సమురాయ్ కత్తి గేముల గురించి మాటొస్తే ఇప్పుడు ముందు వినిపించే పేరు ఘోస్ట్ సిరీస్‌దే. ఆడినవాళ్లలో కొందరు దాన్ని నెత్తిన పెట్టుకుంటారు. ఇంకొందరు "చూడ్డానికి బాగుంది గానీ చేసిందే మళ్లీ చేయిస్తుంది" అని పెదవి విరుస్తారు. కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లు, సగంలో వదిలేసినవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. కథ మలుపులు బయటపడే చోట ముందే చెప్పాం.

అసలు ఈ సిరీస్‌లో ఎన్ని గేములున్నాయి?

పెద్దవి రెండు. ఘోస్ట్ ఆఫ్ సుషిమా 2020 జులై 17న ప్లేస్టేషన్ 4 (పీఎస్4)లో వచ్చింది. ఇకి ద్వీపం కథ కలిపిన డైరెక్టర్స్ కట్ 2021 ఆగస్టు 20న, పీసీ వెర్షన్ 2024 మే 16న వచ్చాయి. రెండో గేమ్ ఘోస్ట్ ఆఫ్ యోతెయి 2025 అక్టోబర్ 2న పీఎస్5లో విడుదలైంది. రెండూ చేసింది సోనీకి చెందిన సకర్ పంచ్ స్టూడియో. ఇది అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, బెల్వ్యూలో ఉంది. అంతకుముందు వీళ్లు చేసినవి స్లై కూపర్, ఇన్‌ఫేమస్. అంటే దొంగ రకూన్ కథ, కరెంటు విసిరే హీరో కథ చేసినవాళ్లు సమురాయ్ గేమ్ చేస్తామన్నప్పుడు అనుమానపడ్డవాళ్లు తక్కువేం కాదు.

అమెరికా వాళ్లు చేసిన సమురాయ్ గేమ్‌ని జపాన్‌లో ఒప్పుకున్నారా?

ఒప్పుకోవడం కాదు, ఎత్తుకున్నారు. అక్కడి ప్రముఖ గేమ్ పత్రిక ఫమిత్సు 40కి 40 మార్కులు ఇచ్చింది. యాకుజా గేమ్ సిరీస్ సృష్టికర్త తొషిహిరో నగోషి బహిరంగంగానే మెచ్చుకున్నాడు. ఇలాంటిది మనవాళ్లు కదా చేయాల్సింది అన్న బాధ కూడా ఆ మెచ్చుకోలులో ఉంది.

అన్నిటికన్నా పెద్ద సంగతి సుషిమా ద్వీపంలోనే జరిగింది. 2020 సెప్టెంబర్‌లో వచ్చిన తుఫానుకు అక్కడి వతత్సుమి ఆలయం తొరీ ద్వారం ఒకటి కూలిపోయింది. మళ్లీ కట్టడానికి 50 లక్షల యెన్‌లు కావాలని విరాళాలు అడిగితే 2 కోట్ల 70 లక్షల యెన్‌లు దాటి వచ్చాయి. ఇచ్చినవాళ్లలో చాలామంది ఈ గేమ్ ఆడి ఆ ద్వీపం పేరు మొదటిసారి విన్నవాళ్లు. 2021లో గేమ్ దర్శకులు నేట్ ఫాక్స్, జేసన్ కానెల్‌లను సుషిమా నగరం తమ పర్యాటక రాయబారులుగా ప్రకటించింది. గేమ్ ఆడినవాళ్ల అభిమానం ఒక చిన్న ఊరికి ఇంత సూటిగా పనికొచ్చిన సందర్భాలు అరుదు.

కత్తి యుద్ధం నిజంగా అంత బాగుంటుందా?

బాగుంటుంది. ఎందుకో చెప్పాలంటే స్టాండాఫ్ దగ్గర మొదలుపెట్టాలి. శత్రువుల గుంపు ముందుకు వెళ్లి నిలబడి "రండిరా" అని పిలవొచ్చు. ఒకడు బయటికొస్తాడు. మీరు ట్రయాంగిల్ నొక్కిపట్టి ఉంచాలి. వాడు కదిలిన క్షణంలో వదలాలి. ఇంతే ఆట. కానీ వాడు అరుస్తాడు, భుజం కదుపుతాడు, అర అడుగు వేసి ఆగుతాడు. టెన్షన్‌కి మీ వేలు జారిందా, మీ ప్రాణం అడుగంటుతుంది, మిగతా గుంపు మీద పడుతుంది. సరిగ్గా వదిలితే ఒక్క వేటు, వాడు నేల మీద. నేర్పు పెరిగే కొద్దీ అదే ఊపులో వెనకొచ్చేవాళ్లని కూడా వరసగా నరకొచ్చు.

తర్వాత నాలుగు పద్ధతులు. కత్తి పట్టినవాడికి రాయి, డాలు వాడికి నీరు, ఈటె వాడికి గాలి, భారీ శరీరం వాడికి చంద్రుడు. ఎవడు మీదకొస్తున్నాడో చూసి పద్ధతి మార్చుకోవాలి. చదివితే లెక్కల పట్టికలా ఉంటుంది గానీ కొన్నాళ్లకు వేళ్లే మార్చేస్తాయి. గొడవ సద్దుమణిగాక టచ్‌ప్యాడ్ మీద వేలు పక్కకు జరిపితే హీరో జిన్ కత్తికున్న రక్తం విదిలించి ఒరలో పెడతాడు. దానివల్ల ఆటలో ఏ లాభమూ లేదు. అయినా ప్రతి పోరు తర్వాత ఆ పని చేయనివాళ్లు ఉండరేమో.

చాలా కష్టమా? సెకిరో లాగా ఏడిపిస్తుందా?

లేదు. కష్టానికి పేరుపడ్డ సెకిరో గేమ్‌లో దాన్ని తగ్గించే ఆప్షనే లేదు. ఇందులో ఈజీ నుంచి లీథల్ వరకు ఉన్నాయి. లీథల్ అనేది మొదట్లో లేదు, విడుదలైన పది రోజులకే అప్‌డేట్‌లో వచ్చింది. అందులో మీరు ఒకటి రెండు దెబ్బలకే పోతారు, శత్రువూ అంతే. విచిత్రం ఏంటంటే, కొంచెం చేయి తిరిగాక లీథలే సుఖం అనేవాళ్లు చాలామంది. హార్డ్‌లో శత్రువుని ఎంత కొట్టినా చావడు, కత్తి కర్రలా అనిపిస్తుంది. లీథల్‌లో కత్తి కత్తిలా తెగుతుంది. మా సలహా కూడా అదే: మొదటి భాగం నార్మల్‌లో ఆడండి, చంద్రుడి పద్ధతి చేతికొచ్చాక లీథల్‌కి మార్చండి.

కెమెరా గురించి అందరూ ఎందుకు తిట్టారు?

తిట్టడంలో న్యాయం ఉంది. మొదటి వెర్షన్‌లో ఒక శత్రువు మీద చూపు నిలిపే లాక్-ఆన్ లేదు. జిన్ ఎటు కొట్టాలో మీరు కంట్రోలర్‌లో ఒక స్టిక్‌తో చెప్పాలి, కెమెరాని ఇంకో స్టిక్‌తో తిప్పుకోవాలి. ఈలోపు వెనక నుంచి బాణం. వెదురు తోపులో ద్వంద్వ యుద్ధం అయితే ఆకులే కనిపిస్తాయి, మనుషులు కనపడరు. 2021 ఆగస్టు అప్‌డేట్‌లో లాక్-ఆన్ ఇచ్చారు. అప్పటికే అలవాటుపడ్డవాళ్లు దాన్ని ముట్టుకోలేదు, కొత్తవాళ్లు అది లేకుండా ఎలా ఆడారని అడుగుతున్నారు.

ఇందులో చూపించిన చరిత్ర నిజమేనా?

నేపథ్యం నిజం. 1274లో మంగోలు సేన సుషిమా మీద దిగింది. కొమొద తీరంలో సో సుకెకుని అనే స్థానిక అధిపతి ఎనభై మంది రౌతులతో ఎదురెళ్లి మరణించాడు. గేమ్ మొదటి సన్నివేశం దాని నీడే. మిగతాదంతా కల్పన. జిన్ సకాయ్, అతని మేనమామ షిమురా, మంగోలు నాయకుడు ఖోతున్ ఖాన్, వీళ్లెవరూ చరిత్రలో లేరు. అసలు మంగోలులు సుషిమాలో నెలల తరబడి కూర్చోలేదు. ద్వీపాన్ని త్వరగా తొక్కేసి ఇకి మీదుగా హకత అఖాతానికి వెళ్లారు.

చరిత్ర తెలిసినవాళ్లు పట్టుకునే తప్పులు ఇంకా ఉన్నాయి. ఆ కాలం సమురాయ్‌కి ప్రధాన ఆయుధం గుర్రం మీది విల్లు. నడుముకి వేలాడేది తాచి అనే కత్తి, గేమ్‌లో కనిపించే కతన కత్తి తర్వాతి కాలానిది. కవచాలు కూడా కొన్ని శతాబ్దాల తర్వాతివి. గేమ్‌లో జిన్ కూర్చుని హైకూలు అల్లుతాడు, హైకూ రూపం దిద్దుకున్నది ఇంకో నాలుగొందల ఏళ్లకు.

ఇవన్నీ చిన్నవి. అసలు చర్చ జరగాల్సింది గౌరవం గురించి. చాటుగా చంపడం సమురాయ్ ధర్మం కాదు అనే మాట మీదే కథంతా నిలబడి ఉంది. కానీ 1281లో మంగోలులు రెండోసారి వచ్చినప్పుడు జపాన్ యోధులు చిన్న పడవల్లో రాత్రిళ్లు వెళ్లి వాళ్ల ఓడల మీద దాడులు చేశారు. దాన్ని ఎవరూ తప్పు పట్టలేదు, బహుమానాల కోసం ఆ సాహసాలను చెప్పుకున్నారు కూడా. తకెజాకి సుయెనాగా అనే యోధుడు తన పరాక్రమానికి తగ్గ ప్రతిఫలం రాలేదని పాలకులుండే కామకురా దాకా వెళ్లి అడిగి తెచ్చుకున్నాడు. తర్వాత ఆ యుద్ధాన్ని బొమ్మల చుట్టగా వేయించాడు. అది ఇప్పటికీ ఉంది. అంటే షిమురా బోధించే బుషిదో, అంటే సమురాయ్ నీతి, పదమూడో శతాబ్దంది కాదు, యుద్ధాలు ఆగిపోయిన తర్వాతి కాలం రాసుకున్నది. గేమ్ చేసినవాళ్లు కూడా ఇది చరిత్ర పాఠం అని ఎప్పుడూ అనలేదు. పాత నలుపు తెలుపు సమురాయ్ సినిమాల జపాన్‌ని చూపించాలనుకున్నారు, చూపించారు.

నేను గౌరవంగానే ఆడుతున్నా, కథ నన్ను దొంగదెబ్బ తీశావని తిడుతుందేంటి?

ఈ ఫిర్యాదు చాలామందిది. మీరు ప్రతి శిబిరంలోకి ఎదురుగానే నడిచివెళ్లినా, కథ నడిచే దారి ఒకటే. జిన్ చాటుగా చంపే ఘోస్ట్ అవ్వాల్సిందే, మేనమామ కోప్పడాల్సిందే. ఎంపిక మీ చేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది గానీ లేదు. ఒక్క చోట మాత్రం గేమ్ మిమ్మల్ని గమనిస్తుంది: చాటు దెబ్బలు ఎక్కువైతే ద్వీపం మీద మబ్బులు, వానలు ఎక్కువవుతాయి. వాన తగ్గించాలంటే జిన్ పిల్లనగ్రోవి ఊదొచ్చు, పాటని బట్టి వాతావరణం మారుతుంది.

జపనీస్ ఆడియోలో ఆడాలా, ఇంగ్లీష్‌లోనా?

పీఎస్4లో జపనీస్ పెడితే పెదాల కదలిక కలవదు, మన డబ్బింగ్ సినిమాలు చూసి పెరిగినవాళ్లకి అదేం కొత్త కాదు. పీఎస్5 డైరెక్టర్స్ కట్‌లో జపనీస్‌కి పెదాలు కలిపారు. వీలైతే జపనీస్‌లోనే ఆడండి. కాకపోతే గుర్రం మీద వెళ్తూ సబ్‌టైటిల్స్ చదవాలి, దారిలో చెప్పే కబుర్లు సగం మిస్సవుతారు.

కురొసావా మోడ్ ఆన్ చేయాలా?

పాత సమురాయ్ సినిమాల దర్శకుడు కురొసావా పేరుతో ఇచ్చిన మోడ్ ఇది. ఒక గంట చేయండి. నలుపు తెలుపు, సినిమా రీలు గీతలు, గాలి హోరు, అన్నీ బాగుంటాయి. పూర్తి గేమ్ అలాగే ఆడితే ఎర్ర ఆకులు, పసుపు గింకో చెట్లు, తెల్ల గడ్డి పూలు అన్నీ పోగొట్టుకున్నట్టే. పైగా రంగును బట్టి గుర్తుపట్టాల్సిన దాడులు ఇబ్బంది పెడతాయి. యోతెయిలో దీనికి తోడు రక్తం, బురద పెంచే మీకె మోడ్, లో-ఫై సంగీతం వచ్చే వతనాబె మోడ్ ఇచ్చారు.

కొన్నాళ్లకు బోర్ కొడుతుందంటారు, నిజమా?

సగం నిజం, సగం ఆడేవాళ్ల అలవాటు. లెక్క చూడండి: నక్క వెంట పరుగెత్తి చేరుకునే ఇనారి గుళ్లు 49, వేడి నీటి బుగ్గలు 18, వెదురు నరికే చోట్లు 16. ఇవి కాక మంగోలుల శిబిరాలు. ఇరవయ్యో నక్క దగ్గరికొచ్చేసరికి ముద్దు పోయి డ్యూటీ అవుతుంది. శిబిరాలూ అంతే, పైకప్పెక్కడం, కింద వాడిని పొడవడం, బందీని విడిపించడం.

అయితే ఒకటి. ఈ గేమ్‌లో తెర మూల చిన్న మ్యాప్ లేదు, నెత్తిమీద బాణం గుర్తు లేదు. ఎటు వెళ్లాలో గాలి చెబుతుంది. టచ్‌ప్యాడ్ పైకి జరిపితే గాలి వీస్తుంది, గడ్డి అటు వంగుతుంది, మీరు అటు వెళ్తారు. పసుపు పిట్ట ఒకటి ఎగురుకుంటూ వచ్చి ఏదో చూపిస్తుంది. ఇలా ఆడేలా కట్టిన దాన్ని, మ్యాప్ తెరిచి ఒక్కో గుర్తు చెరిపేస్తూ పోయేవాళ్లు కచ్చితంగా విసిగిపోతారు. మొదటి భాగం ఇజుహారాలోనే అన్నీ పూర్తి చేయాలని కూర్చుని, ఉత్తరాన మంచు కురిసే కమియగత చూడకుండానే గేమ్ వదిలేసినవాళ్లు ఎంతమందో. కథ ముందుకు నడిపించండి, పిట్ట ఎదురైతే దాని వెంట వెళ్లండి, మిగతాది వదిలేయండి. మసకో, ఇషికావా, నోరియోల పక్క కథలు మాత్రం వదలొద్దు. ముసలి దాది యురికో కథ అయితే ప్రధాన కథలో చాలా సన్నివేశాల కన్నా మేలు.

గుర్రానికి ఏమైనా అవుతుందా? (ఇక్కడ కథ బయటపడుతుంది)

అవుతుంది. మొదట్లో మీరే రంగు ఎంచుకుని సొర, కగె, నోబు అనే పేర్లలో ఒకటి పెడతారు. రెండో భాగం చివర కోట నుంచి తప్పించుకునేటప్పుడు బాణాలు తగిలి, మిమ్మల్ని దూరంగా మోసుకెళ్లి, మంచులో పడిపోతుంది. మీరే నడిపిస్తూ ఉంటారు, దాని నడక నెమ్మదిస్తుంటే చేతిలో ఏమీ ఉండదు. ఖోతున్ ఖాన్ చేసిన దారుణాలన్నిటికన్నా దీనికే ఎక్కువమంది ఏడ్చారు. తర్వాత వేరే గుర్రం దొరుకుతుంది. దాన్ని ప్రేమించడానికి టైమ్ పడుతుంది.

చివర్లో షిమురాని చంపాలా, వదలాలా? (ఇదీ కథ బయటపెట్టేదే)

షోగన్ (జపాన్ సైనిక పాలకుడు) ఆజ్ఞ మీద మేనమామే జిన్‌ని చంపడానికి వస్తాడు. ద్వంద్వ యుద్ధం తర్వాత ఎంపిక మీది: ఆయన కోరుకున్న యోధుడి మరణం ఇవ్వడం, లేదా ప్రాణాలతో వదిలేయడం. వాదన ఇప్పటికీ తెగలేదు. చంపడమే ఆయన మీద ప్రేమ అంటారు ఒక వర్గం, ఆయన నియమాలను కాదనుకున్నవాడు చివర్లో వాటికే ఎందుకు తలొంచాలి అంటారు ఇంకో వర్గం. రెండో వాదన పక్షాన మేమున్నాం. కథ పరంగా మాత్రం ఏది చేసినా ఆ తర్వాత పెద్ద తేడా రాదు.

2020లో దీనికి అవార్డులు వచ్చాయా?

ది గేమ్ అవార్డ్స్‌లో ఆ ఏటి ఉత్తమ గేమ్ ది లాస్ట్ ఆఫ్ అస్ రెండో భాగానికి వెళ్లింది. ప్రజల ఓటుతో ఇచ్చే ప్లేయర్స్ వాయిస్, దాంతో పాటు ఉత్తమ కళా దర్శకత్వం సుషిమాకి దక్కాయి. సమీక్షకుల సగటు మెటాక్రిటిక్‌లో 83 అయితే, ఆడినవాళ్ల మార్కులు పదికి 9 పైనే. ఆ రెంటి మధ్య దూరానికి కొంత కారణం నెల ముందు వచ్చిన లాస్ట్ ఆఫ్ అస్ మీద కోపం కూడా. దాన్ని తిట్టడానికి దీన్ని పొగిడినవాళ్లు లేకపోలేదు. కానీ ఆ గొడవ చల్లారాక కూడా సుషిమా మీద అభిమానం తగ్గలేదు, 2024 నాటికి అమ్మకాలు కోటీ 30 లక్షలు దాటాయి.

డైరెక్టర్స్ కట్‌కి మళ్లీ డబ్బులు కట్టాలా?

పాత పీఎస్4 డిస్క్ ఉంటే అప్‌గ్రేడ్‌కి కట్టాలి. పెదాల కలయిక కోసం పీఎస్5 వెర్షన్‌కి ఎక్కువ అడగడం అప్పట్లో చాలామందికి మండించింది. ఇకి ద్వీపం కథ మాత్రం బాగుంది. జిన్ తండ్రి అక్కడ ఏం చేశాడో, జిన్ దేన్ని దాచుకుంటున్నాడో తెలుస్తుంది. పిల్లుల్ని నిమిరే చోట్లు కూడా ఉన్నాయి.

లెజెండ్స్ అంటే ఏంటి? స్నేహితులతో ఆడొచ్చా?

ఇద్దరు కలిసి కథలు, నలుగురు కలిసి సర్వైవల్ ఆడే ఆన్‌లైన్ భాగం. 2020 అక్టోబర్‌లో ఉచితంగా ఇచ్చారు, లోపల ఏదీ కొనమని అడగదు. ఈ రోజుల్లో అది నమ్మడానికే చాలామందికి టైమ్ పట్టింది. సమురాయ్, హంటర్, రోనిన్, అసాసిన్ అని నాలుగు తరగతులు. స్నేహితుల్లో ఒకరినైనా రోనిన్ తీసుకోమనండి, పడిపోయినవాళ్లందరినీ ఒకేసారి లేపగలిగేది వాళ్లే.

పీసీలో ఎలా ఉంది? పీఎస్ఎన్ గొడవ మనకూ ఉందా?

పీసీ వెర్షన్ నిక్సెస్ స్టూడియో చేసింది, శుభ్రంగా నడుస్తుంది. కనీసం జీటీఎక్స్ 960, 8 జీబీ ర్యామ్, 75 జీబీ ఖాళీ ఉండాలి. హాయిగా ఆడాలంటే ఆర్‌టీఎక్స్ 2060 స్థాయి కార్డు, 16 జీబీ ర్యామ్. లెజెండ్స్‌కి పీఎస్ఎన్ (సోనీ ఆన్‌లైన్ సేవ ప్లేస్టేషన్ నెట్‌వర్క్) ఖాతా తప్పనిసరి అనడంతో, ఆ సేవ లేని 170కి పైగా దేశాలు, ప్రాంతాల్లో గేమ్ అమ్మకమే ఆపేశారు. ముందే కొన్నవాళ్లకు డబ్బులు వెనక్కిచ్చారు, కోపం మాత్రం తీరలేదు. ఇండియాలో పీఎస్ఎన్ ఉంది కాబట్టి మనకా ఇబ్బంది లేదు. ఒంటరిగా కథ ఆడుకోవడానికి ఖాతా అక్కర్లేదు.

యోతెయి మొదటి దానికన్నా బాగుందా?

ఆడటం పరంగా అవును, కథ పరంగా వాదించుకోవచ్చు. సుషిమాకి 329 ఏళ్ల తర్వాత, 1603లో, ఇప్పుడు హొక్కైదో అంటున్న ఎజోలో కథ. యోతెయి ఆరుగురు అనే ముఠా అత్సు కుటుంబాన్ని చంపి, ఆమెని కాలుతున్న గింకో చెట్టుకి కత్తితో దిగ్గొట్టి పోయింది. పదహారేళ్ల తర్వాత ఆమె ఆరుగురి పేర్లు రాసుకుని తిరిగొచ్చింది.

మెచ్చుకునేవాళ్లు ముందు చెప్పేది ఆయుధాల గురించి. పద్ధతులు పోయి, జంట కత్తులు, ఒదాచి అనే భారీ కత్తి, ఈటె, కుసరిగామా అనే గొలుసు కొడవలి వచ్చాయి. ఒకదానికి ఒకటి విరుగుడు. చేతిలో ఆయుధం ఎగిరిపోవచ్చు, శత్రువుది మీరు ఎగరగొట్టొచ్చు, నేల మీదున్నది ఎత్తి విసరొచ్చు. ఎక్కడ కావాలంటే అక్కడ డేరా వేసి నిప్పు రాజేసుకుంటే దారిలో కలిసినవాళ్లు వచ్చి కూర్చుంటారు. ఆరుగురిలో చాలామందిని మీకు నచ్చిన వరసలో వేటాడొచ్చు. మంటలో చేప కాల్చడం, షమిసెన్ అనే తీగల వాద్యం వాయించడం లాంటివి కొందరికి ప్రాణం, కొందరికి టైమ్ వేస్ట్.

పెదవి విరిచేవాళ్లు అనేది, పగ కథ ఎటు పోతుందో మొదటి గంటలోనే తెలిసిపోతుందని. అదీ నిజమే. మేనమామ, మేనల్లుళ్ల మధ్య ఉన్న ముడి లాంటిది ఇక్కడ లేదు. ప్రతినాయకుడు సైతో భయపెడతాడు గానీ షిమురాలా వెంటాడడు.

హీరోయిన్ కావడం మీద అంత గొడవెందుకు?

2024 సెప్టెంబర్‌లో ట్రైలర్ వచ్చిన రోజు నుంచే కొందరు మొదలుపెట్టారు. గేమ్ చేతికొచ్చాక ఆడినవాళ్ల మాటల్లో దాని ఊసు పెద్దగా లేదు. అత్సు సమురాయ్ కాదు, గౌరవం గురించి బాధపడదు, డబ్బులకి కత్తి పట్టిన మనిషి. నిజానికి జిన్ కన్నా ఆమెకే ఘోస్ట్ వేషం బాగా నప్పింది.

తెలుగులో ఉందా? ధర ఎంత?

తెలుగు ఆడియో లేదు, సబ్‌టైటిల్స్ లేవు. ఇంగ్లీష్ చదవగలిగితే చాలు, భాష తేలికే. పీఎస్5లో కొత్త డిస్క్ దాదాపు 5 వేల రూపాయలు, కాబట్టి ఆగి కొనడంలో తప్పులేదు. సుషిమా సేల్‌లో తరచుగా తగ్గుతుంది. డిస్క్ అయితే ఇంకో సుఖం, ఆడేశాక అమ్ముకోవచ్చు, లేదా స్నేహితుడిది తెచ్చుకోవచ్చు.

పిల్లలతో ఆడించొచ్చా?

వద్దు. రెండూ పెద్దలకు మాత్రమే అని రేటింగ్ ఉన్నవి. మొదటి పది నిమిషాల్లోనే ఒక యోధుడిని తగలబెట్టి తల నరుకుతారు. ఫొటో మోడ్‌లో ఆకులు ఎగరేసుకుంటూ బొమ్మలు తీసుకోవడానికి మీరు పక్కన కూర్చుని అయితే సరే.

రెండూ కొనాలంటే ఏది ముందు?

కథలకి సంబంధం లేదు, ఏది ముందైనా అర్థమవుతుంది. అయినా సుషిమాతో మొదలుపెట్టండి. యోతెయిలో కదలికలు ఎంత సులువంటే, అది ఆడి వెనక్కి వస్తే సుషిమాలో గోడలెక్కడం, కెమెరా తిప్పుకోవడం మొరటుగా తోస్తాయి. పీసీ ఒక్కటే ఉన్నవాళ్లకు ఈ ప్రశ్నే లేదు, ప్రస్తుతానికి దొరికేది సుషిమానే.